స్టీరింగ్ సామాను: కంపెనీదా, బయటిదా?

సొంత లారీ కొనుక్కుని, తామే నడుపుకుంటూ, చేతనైన రిపేర్లు తామే చేసుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. జాకీ, పానాలు, గ్రీజు గన్ను బండిలోనే ఉంటాయి. లోడు దిగాక, మళ్లీ లోడు దొరికేలోపు దొరికిన ఖాళీలో బండి కిందికి దూరి పని కానిచ్చేస్తారు. ఈ రోజు నా ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం. స్టీరింగ్ ఆడుతోందని గమనించి, అరిగిన టై రాడ్ ఎండో డ్రాగ్ లింకో మార్చాలని నిశ్చయించుకుని స్పేర్ పార్టుల దుకాణానికి వెళితే, కౌంటరు అవతలి నుంచి ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: కంపెనీది ఇవ్వమంటారా, బయటిది ఇవ్వమంటారా? రెండింటి ధరకూ తేడా గట్టిగానే ఉంటుంది. ఆ తేడా చూసి ఒకరు బయటిదే చాలంటారు. భయపడి ఇంకొకరు కంపెనీదే కావాలంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఈ భాగాన్ని నిజంగా తయారు చేసిందెవరు, చెడితే పూచీ పడేదెవరు అన్నది మొదటిది. ఇది నడిరోడ్డు మీద విరిగితే బండిని అదుపులో ఉంచడానికి దాని వెనక ఇంకేమైనా ఉందా అన్నది రెండోది. స్టీరింగ్ విషయంలో ధర సంగతి ఈ రెండూ తేలాకే రావాలి.

రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. లారీలో డ్రైవరు తిప్పిన తిప్పుడు చక్రాల దాకా ఎలా చేరుతుందో ఒక్కసారి వరసగా చూడండి. స్టీరింగ్ చక్రం తిరిగితే దాని కాలమ్ తిరుగుతుంది. కాలమ్ కింద యూనివర్సల్ జాయింటు, దాని కింద స్టీరింగ్ బాక్సు. బాక్సులోంచి బయటికి వచ్చిన షాఫ్టుకి డ్రాప్ ఆర్మ్ బిగించి ఉంటుంది. డ్రాప్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఊగితే డ్రాగ్ లింకు కదులుతుంది. డ్రాగ్ లింకు డ్రైవరు వైపు చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం నుంచి ఇరుసు పొడవునా సాగిన టై రాడ్డు రెండో చక్రాన్ని కూడా అదే వైపుకి లాక్కుపోతుంది. ఇందులో ప్రతి మలుపులోనూ ఒక కీలు ఉంది. ఆ కీళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయే తప్ప పక్కపక్కన లేవు. బ్రేకులు అలా కాదు. గాలి బ్రేకుల లారీలో ముందు చక్రాలకొక సర్క్యూటు, వెనక చక్రాలకొక సర్క్యూటు వేరువేరుగా ఉంటాయి. గాలి మొత్తం పోతే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. వెనక టైరు ఒకటి పేలితే దాని జత టైరు మోస్తుంది. ఇంజను ఆగిపోతే బండిని మెల్లగా పక్కకి తీసుకోవచ్చు. డ్రాగ్ లింకు బాల్ జాయింటు ఊడితే మాత్రం చేతిలో స్టీరింగ్ ఉన్నా చక్రాలు మాట వినవు. టై రాడ్ ఎండ్ ఊడితే రెండు ముందు చక్రాలూ చెరో దారి పడతాయి. ఈ రెండు సందర్భాల్లోనూ డ్రైవరు ఎంత అనుభవం ఉన్నవాడైనా చేయగలిగింది బ్రేకు తొక్కడం ఒక్కటే. ఎదురుగా వచ్చే బండికి, రోడ్డు పక్కన నడిచే మనిషికి ఆ అవకాశం కూడా ఉండదు.

ఇక ఆ కీలునే దగ్గర్నుంచి చూద్దాం. బాల్ జాయింటు అంటే ఒక చివర గుండ్రటి బంతి, మరో చివర మరలు ఉన్న ఉక్కు స్టడ్డు. బంతి ఒక గట్టి గూట్లో కూర్చుని ఉంటుంది. గూటికీ బంతికీ మధ్య నైలాను వంటి పదార్థంతోనో, లోహంతోనో చేసిన సీటు ఉంటుంది. కొన్ని రకాల్లో వెనక నుంచి ఒక స్ప్రింగు సీటుని బంతికి అదిమి పెడుతుంది. గూటిని వెనక నుంచి ఒక మూతతో మూసేస్తారు. స్టడ్డు మెడ దగ్గర రబ్బరు బూటు ఉంటుంది. దాని పని లోపలి గ్రీజుని బయటికి పోనివ్వకుండా, బయటి మట్టినీ నీటినీ లోపలికి రానివ్వకుండా చూడడం. స్టడ్డు నడుము భాగం కిందికి పోను పోను సన్నబడుతుంది, దాన్నే టేపరు అంటారు. స్టడ్డు దిగే ఆర్మ్‌లో కూడా అదే వాలుతో చిల్లు ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ టేపరు చిల్లులోకి దిగి కరుచుకుంటుంది. స్టడ్డుని కదలకుండా పట్టి ఉంచేది ఆ కరుచుకోవడమే. నట్టు దాన్ని లాగి ఉంచుతుంది, స్ప్లిట్ పిన్ను నట్టు తిరిగిపోకుండా కాపలా కాస్తుంది. పిడికిట్లో పట్టే ఈ చిన్న భాగం మీద పడే బరువు మామూలుది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం లారీల ఇరుసు బరువులు సవరించినప్పుడు రెండు టైర్ల ముందు ఇరుసు మీద అనుమతించే బరువు 6 టన్నుల నుంచి 7 టన్నులకి పెరిగింది. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా, లోడు బండి నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ దెబ్బలో కొంత ఈ స్టడ్డు మెడ మీదకే వస్తుంది.

అందుకే ఆ స్టడ్డు ఏ ఉక్కుతో చేశారు, ఎలా చేశారు అన్నది ప్రాణం మీదకి వచ్చే సంగతి. మంచి తయారీదారు మిశ్రమ ఉక్కుని ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి, సమ్మెట దెబ్బతో సాగగొట్టి ఆకారం తెస్తాడు. ఫోర్జింగ్ అనేది దీన్నే. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేస్తాడు. బంతి పైపొర అరగకుండా గట్టిగా ఉండాలి, లోపలి భాగం దెబ్బకి పెళుసుగా విరగకుండా సాగే గుణంతో ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే ముక్కలో ఉండాలి, అదే ఈ పనిలో కష్టం. గట్టిదనం తక్కువైతే బంతి నెలల్లో అరిగి గూట్లో వదులవుతుంది. ఎక్కువైతే మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు పుట్టి, రోజూ కొంచెం కొంచెం పాకి, ఒకరోజు టప్పున విరుగుతుంది. ఈ తేడా ఏదీ కంటికి కనిపించదు. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకే బరువు తూగుతాయి, రెండూ ఒకేలా మెరుస్తాయి. అరుగుదలకి గుర్తులుంటాయి కాబట్టి దాన్ని ముందుగా పట్టుకోవచ్చు. లోపల దాగిన పెళుసుదనాన్ని మాత్రం కొనేవాడు దుకాణంలో నిలబడి పట్టుకోలేడు. భాగం నాణ్యతని మనం పరీక్షించలేనప్పుడు, పరీక్షించి పంపినవాడెవడో తెలిసి ఉండడమే మనకున్న ఆధారం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. కంపెనీది అనగానే, టాటా లారీకి టాటా ఫ్యాక్టరీలోనే టై రాడ్ ఎండు తయారైందని, లేలాండుకి లేలాండు వాళ్లే చేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి బండి తయారుచేసే కంపెనీలు స్టీరింగ్ భాగాల్లో చాలావాటిని ఆ పనిలోనే ఆరితేరిన వేరే కంపెనీల దగ్గర చేయించుకుంటాయి. చెన్నైలోని రానే గ్రూపు ఇందుకు మనకు బాగా దగ్గరి ఉదాహరణ. రానే మద్రాసు కంపెనీ స్టీరింగ్ లింకేజీ భాగాలు, మామూలు స్టీరింగ్ గేర్లు చేస్తుంది. అదే గ్రూపుకి భాగస్వామ్యం ఉన్న జడ్‌ఎఫ్ రానే లారీలకి, బస్సులకి పవర్ స్టీరింగ్ చేస్తుంది. ఇలాంటి తయారీదారు చేసిన భాగం టాటా జెన్యూన్ పార్ట్స్ డబ్బాలోనో, లేలాండు వారి లేపార్ట్స్ డబ్బాలోనో రావచ్చు, తయారీదారు సొంత పేరున్న డబ్బాలోనూ దుకాణానికి రావచ్చు. మొదటిదాన్ని దుకాణదారు కంపెనీది అంటాడు, రెండోదాన్ని బయటిది అంటాడు. ధరలో తేడా ఉంటుంది, పుట్టిల్లు ఒకటే కావచ్చు. బయటిదన్న ఒక్క మాట కింద ఇంత మంచి సరుకూ ఉంది, పేరూ ఊరూ లేకుండా పాలిథీన్ సంచిలో వచ్చే సరుకూ ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే కొనేవాడికి చిక్కంతా వస్తోంది.

దీన్ని పట్టుకుని కొందరు మెకానిక్కులు ఒక అడుగు ముందుకు వేస్తారు. అన్నీ ఒక్క ఫ్యాక్టరీ సరుకే, డబ్బా కోసం డబ్బులు దండగ అంటారు. ఈ మాటలో సగమే నిజం. ఒక తయారీదారు ఒక మోడలుకి భాగాలు ఇస్తున్నాడంటే అన్ని మోడళ్లకీ ఇస్తున్నాడని కాదు. పేరున్న తయారీదారు డబ్బా కొంటున్నప్పుడు కూడా, మీ బండి ఛాసిస్ నంబరు పెట్టి కంపెనీ పార్టు నంబరు కనుక్కుని, దానికి సరిపోయే నంబరు ఆ తయారీదారు కేటలాగులో ఉందో లేదో చూసి కొనాలి. కేటలాగులో మీ మోడలు లేకపోతే, చూడ్డానికి సరిగ్గా పాతదానిలాగే ఉన్నా తీసుకోవద్దు. ఎందుకంటే పొడవు, మరల కొలత సరిపోయి, టేపరు వాలు మాత్రం తేడా ఉండవచ్చు. ఒకటికి పది వాలు ఉన్న చిల్లులో ఒకటికి ఎనిమిది వాలున్న స్టడ్డు కూర్చున్నట్టే కనిపిస్తుంది, నట్టు కూడా బిగుస్తుంది. లోపల మాత్రం ఒక అంచు మీదే ఆనుకుని ఉంటుంది. కొన్నాళ్లకి చిల్లు కోలగా సాగుతుంది, స్టడ్డు మెడ దగ్గర ఒత్తిడి పెరిగి విరుగుతుంది. పేరున్న సరుకే కొన్నాం కదా అని తలపట్టుకోవాల్సి వస్తుంది.

కొనదగిన బయటి సరుకుకి గుర్తులేమిటి? తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. భాగం ఒంటి మీదే ఆ పేరో గుర్తో అచ్చులో పడి ఉండాలి, బ్యాచి నంబరు లేదా తయారీ తేదీ గుర్తు ఉండాలి. ఈ చివరిదాన్ని జనం పట్టించుకోరు కానీ నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. బ్యాచి గుర్తు ఉన్నదంటే, రేపు ఒక ముక్కలో లోపం బయటపడితే అదే ఉక్కుతో, అదే రోజు చేసిన మిగతా ముక్కలు ఎక్కడికి వెళ్లాయో ఆరా తీసే ఏర్పాటు ఉందన్నమాట. వాహన కంపెనీలకి సరఫరా చేసే ఫ్యాక్టరీలు సాధారణంగా పాటించే ఐఏటీఎఫ్ 16949 అనే నాణ్యతా ప్రమాణంలో ఇలా ఆనవాలు పట్టగలగడం ఒక ముఖ్యమైన షరతు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా, లోపం ఉన్న భాగం బిగించిన బళ్లను తయారీదారు వెనక్కి పిలిపించి సరిచేయాలని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. పేరులేని సరుకు విషయంలో ఆదేశం ఎవరికి ఇస్తారు? అది ఎవరి చేతిలో పుట్టిందో దుకాణదారుకే తెలియకపోవచ్చు.

ధర మాటకొస్తాను. ఇది తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదు. డీజిలు, టోలు, బీమా, కిస్తీ, టైర్లు అన్నీ పోను ట్రిప్పుకి మిగిలేది ఎంతో సొంత బండి నడిపేవాళ్లకి తెలుసు. సగం ధరకి దొరికే భాగాన్ని వదులుకోమనడం బయట నుంచి చెప్పేవాడికి సులువే. అయితే లెక్క పూర్తిగా వేయండి. టై రాడ్ ఎండు ధరని దాని పక్కనే ఉన్న ముందు టైరు ధరతో పోల్చండి. ఒక్క కొత్త టైరు ఖరీదుతో టై రాడ్ ఎండ్లు చాలానే వస్తాయి. టై రాడ్ ఎండు వదులైతే ముందు చక్రాల టో నిలకడగా ఉండదు. బండి వెళ్తున్నప్పుడు చక్రాలు కొంచెం లోపలికి, కొంచెం బయటికి వణుకుతూ రోడ్డుని రాచుకుంటూ పోతాయి. ట్రెడ్డు మీద అరచెయ్యి అడ్డంగా ఆనించి రాస్తే ఒక వైపు నున్నగా, మరో వైపు రంపంలా తగులుతుంది. అలా తగిలిందంటే టైరు డబ్బులు రోడ్డు మీద రాలిపోతున్నాయన్నమాట. చవక భాగం మీద మిగిలిన వందలు టైరు మీద వేలుగా పోతాయి. త్వరగా అరిగిన భాగాన్ని మళ్లీ విప్పి మళ్లీ బిగించి మళ్లీ అలైన్‌మెంట్ చేయించే ఖర్చు, ఆ రోజు బండి నిలబడిపోవడం వల్ల పోయిన లోడు కూడా ఆ పద్దులోనే రాయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం అయింది. అంతకు ముందు చాలా భాగాల మీద 28 శాతం ఉండేది. బిల్లు లేకుండా కొంటే కలిసొస్తుందన్న వాదన అప్పుడున్నంత బలంగా ఇప్పుడు లేదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. కంపెనీదే వేశాం, అదీ ఏడాదిలో పోయింది, మరి ఆ ఎక్కువ డబ్బులు ఎందుకు పోసినట్టు అని అడుగుతారు. పోయింది నిజమే, ఎందుకు పోయిందో చూడాలి. బాల్ జాయింటుకి మొదటి శత్రువు చిరిగిన బూటు. రబ్బరు చిరిగితే వానలో గ్రీజు కడుక్కుపోతుంది, ఎండలో దుమ్ము లోపలికి చేరుతుంది. ఆ దుమ్మూ మిగిలిన గ్రీజూ కలిసి ఆకు రాయిలా బంతిని అరగదీస్తాయి. అక్కడ ఎంత మంచి ఉక్కయినా నిలవదు. గ్రీజు నిపిల్ ఉన్న జాయింటుకి వేళకి గ్రీజు కొట్టకపోయినా ఇదే గతి. ఇంకొకటి, కింగ్ పిన్ను వదులుగా ఉన్న బండికి కొత్త టై రాడ్ ఎండు వేస్తే, చక్రం ఊగే ఊపంతా ఆ కొత్త ముక్క మీద పడుతుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఊగితే, క్యాబిన్‌లో ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఊపు ఆగిపోతే బేరింగు వదులు, ఆగకపోతే కింగ్ పిన్ను అరిగినట్టు. వేరులో ఈ రోగం అలా ఉంచి కొమ్మలకి మందు వేస్తే భాగాన్ని తిట్టి ప్రయోజనం లేదు.

కంపెనీ డబ్బాలోనే నకిలీ సరుకు వస్తోంది కదా, ఇక నమ్మేదేమిటి అన్నది మరో ప్రశ్న. నకిలీలు ఉన్నమాట వాస్తవం. ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం నకిలీ గుర్తుతో సరుకు అమ్మినవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అయినా నకిలీలు ఆగలేదు. నకిలీలున్నాయి కాబట్టి ఏదైనా ఒకటే అన్న ముగింపు మాత్రం తప్పు. దీన్నుంచి మనకి తేలేది ఎక్కడ కొనాలన్న సంగతి. కంపెనీ అధీకృత డీలరు దగ్గరో, తయారీదారు తన పంపిణీదారుగా ప్రకటించిన దుకాణంలోనో కొనండి. విజయవాడ ఆటోనగర్ లాంటి పెద్ద మార్కెట్లలో ఇలాంటి దుకాణాలకి కొదవ లేదు. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారైన నెలా సంవత్సరం అచ్చయి ఉన్నాయేమో చూడండి. క్యూఆర్ కోడు ఉంటే ఫోనుతో అక్కడే చూడండి. తర్వాత భాగాన్ని బయటికి తీయండి. అక్షరాలు అచ్చులో లోతుగా, అంచులు పదునుగా పడ్డాయా, పైపైన గీకినట్టున్నాయా? స్టడ్డు చేత్తో కదిపితే బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. కొత్త జాయింటు వదులుగా వాలిపోతే అనుమానించండి. మరల మీద రంగు, తుప్పు, పాత గీతలు ఉంటే వాడేసినదానికి మెరుగు పెట్టారని అర్థం. గూడు ఒంటి మీద రెండు అచ్చుల కలయిక గీత చూడండి. ఫోర్జింగ్ ముక్కకి అది సాధారణంగా వెడల్పుగా, కోసి రుద్దినట్టు ఉంటుంది, పోత ముక్కకి సన్నగా గీత గీసినట్టు ఉంటుంది. ఈ గుర్తులేవీ నాణ్యతని రుజువు చేయవు, కాని నాసి సరుకుని దుకాణంలోనే వెనక్కి ఇచ్చేయడానికి పనికొస్తాయి.

పాత మోడలు బండ్లకి కంపెనీ భాగాలు దొరకవు, లేతు మీద చేయించుకోవడమో, పాతదాన్ని వెల్డింగు కొట్టించుకోవడమో తప్ప దారిలేదని అనేవాళ్లున్నారు. స్టీరింగ్ లింకేజీలో వెల్డింగుకి చోటే లేదని నేను గట్టిగా చెబుతాను. వెల్డింగు వేడికి ఆ ఉక్కుకి చేసిన హీట్ ట్రీట్‌మెంట్ అక్కడికక్కడే చెడిపోతుంది. అతుకు పక్కనే పెళుసు పట్టీ ఒకటి ఏర్పడుతుంది, పైకి అతుకు ఎంత బలంగా కనిపించినా పగులు అక్కడ పుడుతుంది. వంగిన టై రాడ్డునీ డ్రాగ్ లింకునీ గ్యాసు మంటతో కాల్చి సాపు చేయడం కూడా ఇలాంటి పనే. అదే కారణంతో ప్రమాదంలో చితికిన బండి నుంచి విప్పిన డ్రాప్ ఆర్మూ డ్రాగ్ లింకూ సెకండ్ హ్యాండులో కొనవద్దు. ఆ దెబ్బ దాని మీద ఎంత పడిందో చెప్పగలిగేవాళ్లు లేరు. పాత బండికి కంపెనీది దొరకనప్పుడు పేరున్న స్వతంత్ర తయారీదారు కేటలాగు వెతకండి. పాత మోడళ్ల భాగాలు వాళ్ల దగ్గరే ఎక్కువ కాలం దొరుకుతాయి. బయటి సరుకు నిజంగా ఆదుకునేది ఇలాంటి చోటే.

ఇంతవరకు చెప్పిన పట్టుదల స్టీరింగులో ప్రతి చిన్నదానికీ అక్కర్లేదు. పవర్ స్టీరింగ్ ఆయిల్ ట్యాంకు, దాని ఫిల్టరు, పంపుని తిప్పే బెల్టు, కాలమ్ మీది ప్లాస్టిక్ తొడుగులు లాంటివి పేరున్న బయటి కంపెనీవి నిశ్చింతగా వేసుకోవచ్చు. ఫిల్టరు మూసుకుపోయినా బెల్టు తెగినా స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ చక్రాలతో సంబంధం తెగదు. బలం పెట్టి బండిని పక్కకి తీయవచ్చు. ప్రెషరు హోసు లింకేజీ భాగాలకీ ఈ చిన్న సామానుకీ మధ్యన ఉంది. అందులో వంద బార్లకి పైగా ఒత్తిడి ఉంటుంది. పేలితే మలుపులో హఠాత్తుగా స్టీరింగ్ బిగుసుకున్నట్టవుతుంది, వేడెక్కిన పొగ గొట్టం మీద ఆయిల్ చిందితే మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి దాన్ని బయటిది తీసుకున్నా, ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఒంటి మీద అచ్చయి ఉన్నదే తీసుకోండి, ముక్కలు అతికి క్లిప్పులు బిగించినది వద్దు. ఆయిల్ మాత్రం బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి.

సొంతంగా ఏ పని చేసుకోవచ్చు, ఏది వద్దు అన్నదీ ఈ లెక్కలోదే. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు మార్చడం శ్రద్ధ ఉన్నవాడికి చేతనయ్యే పని. కింగ్ పిన్ను సెట్టుకి ప్రెస్సు కావాలి, బుష్షుల్ని సరైన కొలతకి రీమరు పట్టాలి. స్టీరింగ్ బాక్సు విప్పడానికి కొలత సాధనాలు, శుభ్రమైన బల్ల కావాలి. ఆ రెండూ వర్క్‌షాపుకే వదిలేయండి. మారుద్దామనుకున్న ముక్క నిజంగా పోయిందో లేదో మాత్రం మీరే తేల్చుకోండి. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. పవర్ స్టీరింగ్ బండయితే ఇంజను ఆన్‌లో పెట్టండి. ఒకరు స్టీరింగుని కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడిస్తూ ఉండాలి, చక్రాలు తిరిగేంత తిప్పకూడదు. మీరు ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి ఉంచండి. ఆర్మ్ కదలకముందే గూడు విడిగా కదిలిందో, వేలికి టక్కుమని తగిలిందో, ఆ జాయింటు పని అయిపోయింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలు దాటకూడదని, బాల్ జాయింట్లకి రబ్బరు తొడుగులుండాలని, బిగించిన బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాకు చేసి ఉండాలని చెబుతుంది. యాభై సెంటీమీటర్ల చక్రానికి 30 డిగ్రీలంటే అంచు మీద దాదాపు 13 సెంటీమీటర్లు. ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు దాటకూడని గీత అది. అంత దాకా ఆగి రిపేరుకి దిగమని దాని అర్థం కాదు.

బిగించేటప్పుడు చేసే తప్పుల వల్ల మంచి భాగం కూడా చెడ్డపేరు మోస్తుంది. పాత ఎండుని విప్పేటప్పుడు మరల వద్ద గుర్తు పెట్టుకుని, ఎన్ని చుట్లు తిరిగి బయటికి వచ్చిందో లెక్కపెట్టండి. రెండు ఎండుల్లో ఒకదానికి ఎడమ మరలు ఉంటాయి, చూసుకోండి. స్టడ్డు రాకపోతే ఆర్మ్ కన్ను పక్కన సుత్తితో కొట్టండి, నట్టు రెండు చుట్లు వదిలేసి ఉంచితే స్టడ్డు ఎగిరి మీద పడదు. గ్యాసు మంట పెట్టకండి. కొత్తది వేసే ముందు చిల్లునీ టేపరునీ గుడ్డతో పొడిగా తుడవండి, అక్కడ గ్రీజు పూయకూడదు. టేపరు మీద పెన్సిలుతో నిలువుగా నాలుగైదు గీతలు గీసి, చిల్లులోకి నొక్కి, ఒక్క పిసరు తిప్పి బయటికి తీసి చూడండి. గీతలు పొడవునా చెరిగితే బాగా కూర్చున్నట్టు. ఒక అంచున మాత్రమే చెరిగితే పార్టు నంబరు తప్పయినా అయి ఉండాలి, ఆర్మ్ చిల్లయినా సాగి ఉండాలి. ఆ రెంటిలో ఏదైనా సరే, అక్కడితో ఆపండి. నట్టు పుస్తకంలో చెప్పిన టార్కుకి బిగించాక, స్ప్లిట్ పిన్ను చిల్లు నట్టు గాడికి ఎదురు రాకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. మేకుతోనో కట్టుతీగతోనో సరిపెట్టడం మనుషుల ప్రాణాలని ఆ తీగకి కట్టడమే. క్లాంపు బోల్టులు బిగించి, బండిని నేరుగా అలైన్‌మెంట్ గేజి దగ్గరికి తీసుకెళ్లండి. చుట్ల లెక్క బండిని అక్కడిదాకా నడపడానికే సరిపోతుంది.

కొన్న సరుకుకి బిల్లు అడిగి తీసుకోండి. పార్టు నంబరు, బ్యాచి నంబరు దాని మీద రాయించండి. లారీ వ్యాపారానికి కొన్నదే కాబట్టి వినియోగదారుల కోర్టు మనకి వర్తించదని కొందరు అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసమే కొని తానే వాడుకునే మనిషిని వినియోగదారుడిగానే చూస్తుంది. లోపం ఉన్న సరుకు వల్ల నష్టం జరిగితే తయారీదారునీ, కొన్ని సందర్భాల్లో అమ్మినవాడినీ బాధ్యులుగా నిలబెట్టే అధ్యాయం కూడా అదే చట్టంలో ఉంది. తన బండి తనే నడుపుకునే యజమానికి ఇది చిన్న హక్కు కాదు. కాని బిల్లు లేనివాడు, తయారీదారు పేరు తెలియనివాడు దాన్ని ఎవరి మీద వాడుకోగలడు? కంపెనీదా బయటిదా అన్న ప్రశ్న కన్నా పేరున్నదా లేనిదా అన్న ప్రశ్న ముఖ్యమని నేను అంటున్నది ఇందుకే.

బిగించాక మొదటి లోడు ట్రిప్పు ముగిసిన వెంటనే బండి కింద మరోసారి చూడండి. నట్టు దగ్గర కొత్త తుప్పు పొడి రాలి ఉంటే, ఆర్మ్‌కీ స్టడ్డుకీ మధ్య మెరిసే గీత కనిపిస్తే టేపరు కదులుతోందన్నమాట. ఇక విప్పి తీసిన పాత భాగం సంగతి. దాన్ని అలాగే పాత సామాన్ల బండికి వేస్తే, మెరుగు పెట్టి, కొత్త బూటు తొడిగి, మళ్లీ ఎవరికో అమ్మే వీలుంది. గ్రైండరుతో స్టడ్డుని మెడ దగ్గర కోసి రెండు ముక్కలు చేసి వేయండి. కొత్త భాగం వచ్చిన డబ్బానీ, దాని మీది హోలోగ్రామునీ కూడా చింపి పారేయండి.